పాత జీపుకి టర్బో ఇంజిన్: ఆర్సీలో ఎక్కించుకోవడం ఎలా, ఎక్కడ తిప్పి పంపుతారు

మొన్న ఒక ఆర్టీఓ ఆఫీసు వెనక గ్రౌండులో పాత కమాండర్ జీపు బానెట్ ఎత్తి ఉంది. లోపల శుభ్రంగా బిగించిన బొలెరో టర్బో ఇంజిన్. ఓనరు చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వాటిని తిరగేసి ఒక్కటే అడిగారు: "బిగించే ముందు పర్మిషన్ తీసుకున్నారా?" లేదు. "అయితే పాత ఇంజిన్ మళ్లీ ఎక్కించుకుని రండి." ఓనరు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నారు, "అది కిలోల లెక్కన అమ్మేశాను సార్."

ఆయన మోసం చేసే మనిషి కాదు. ఏజెన్సీ ఘాట్లలో లోడుతో ఎక్కలేకపోతున్న బండికి కాస్త బలం ఇద్దామనుకున్నారు. బిగించిన తర్వాత ఆర్సీలో ఎక్కించేద్దామని ఎవరో చెబితే నమ్మారు. అలా నమ్మి వచ్చినవాళ్లను ఇంతకుముందూ చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు చట్టం ఏం చెబుతోందో చూడండి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్సీలో ఉన్న వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే మాట గట్టిగా చెప్పింది. అప్పటి నుంచి అధికారులు ఈ విషయంలో జాగ్రత్తగా ఉంటున్నారు. ఆర్సీ వివరాలంటే ఇంజిన్ నంబర్ ఒక్కటే కాదు. సీసీ, హార్స్ పవర్, సిలిండర్లు, వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం), ఖాళీ బండి బరువు, సీట్లు, రంగు, అన్నీ అందులోకే వస్తాయి. టర్బో ఇంజిన్ వేస్తే కనీసం రెండు మూడు గడులు మారిపోతాయి.

కాబట్టి పాడైన ఇంజిన్ తీసి అదే మేక్, అదే టైప్ ఇంజిన్ వేసుకుంటామంటే పని తేలిక. టర్బో అంటే అలా కాదు. డీఐ కమాండర్ కూడా 2523 సీసీ, పాత బొలెరో టర్బో కూడా 2523 సీసీ, కంపెనీ కూడా ఒకటే, మహీంద్రా. అయినా హార్స్ పవర్ వేరు. ఇక 2112 సీసీ ప్యూజో ఇంజిన్‌తో వచ్చిన ఎంఎం 540 జీపు అయితే సీసీ కూడా మారుతుంది. ఇది మన హక్కుగా అడిగి తీసుకునే అనుమతి కాదు, రిజిస్ట్రేషన్ అధికారి కాదనవచ్చు. అందుకే ఇంజిన్ కొనకముందే, అడ్వాన్సు కూడా ఇవ్వకముందే, రాతపూర్వకంగా అడగండి. ఇప్పుడున్న ఇంజిన్ వివరాలు, వేయాలనుకున్న ఇంజిన్ మోడల్, సీసీ, హార్స్ పవర్ పక్కపక్కన రాసి, ఆర్సీ కాపీ జత చేసి ఇచ్చి రసీదు తీసుకోండి. కౌంటర్ దగ్గర ఎవరో "చేసుకోండి, చూద్దాం" అంటే అది అనుమతి కాదు. కాగితం మీద కుదరదని వస్తే ఆ డబ్బుతో ఉన్న ఇంజిన్‌నే బోర్ చేయించి, పంపు, నాజిళ్లు సరిచేయించుకోవడం మంచిది. బాధగానే ఉంటుంది, కానీ బండి మీ చేతిలో ఉంటుంది.

"14 రోజుల్లో ఆఫీసులో చెబితే చాలు, చట్టంలోనే ఉంది" అని బ్రోకర్లు ఒక మాట వాడతారు. 14 రోజుల మాట ఆ సెక్షన్‌లో ఉన్నది నిజమే. కానీ అది మార్పును తెలియజేయడానికి ఇచ్చిన గడువు. చేయకూడని మార్పు అంతమాత్రాన ఒప్పు అయిపోదు. అనుమతించని మార్పు చేస్తే 182ఏ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

గేర్‌బాక్సు సంగతి వేరు. టార్క్ పెరిగితే పాత నాలుగు గేర్ల బాక్సు, క్లచ్, ఫోర్ వీల్ గేరు, జాయింట్ షాఫ్టులు, హౌసింగ్‌లో క్రౌన్ పినియన్, అన్నిటి మీదా భారం పడుతుంది. ఇంజిన్ ఒక్కటే మారిస్తే ఏదో ఒక ఎత్తులో యాక్సిల్ షాఫ్టు తెగుతుంది. వీటి నంబర్లు ఆర్సీలో ఉండవు కాబట్టి వాటికి గడి లేదు. అలాగని కొత్త బాక్సు కూర్చోబెట్టడానికి ఛాసిస్‌ను గ్యాస్‌తో కోయించకండి, వీల్‌బేస్ కదిలించకండి. ఇన్‌స్పెక్షన్‌లో కోత గుర్తు కనిపిస్తే దరఖాస్తు అక్కడితో ఆగిపోతుంది. బలం పెరిగిన బండికి బ్రేకులు కూడా చాలాలి, వాటినీ చూస్తారు.

అనుమతి వచ్చాక మిగతావి తెలిసినవే. రవాణా శాఖ సైట్‌లో ఆల్టరేషన్ సర్వీసు కింద ఫీజు కట్టి స్లాట్ తీసుకోవడం, అసలు ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్, ఆధార్. ఫైనాన్స్ ఉంటే వాళ్ల ఎన్‌ఓసీ. గ్రీన్ ట్యాక్స్, చలాన్లు బాకీ ఉంటే ముందే కట్టేయండి. 15 ఏళ్లు దాటి ఆర్సీ గడువు అయిపోయిన బండైతే మొదట ఫారం 25తో రెన్యువల్ చేయించుకోవాలి. అది ఐదేళ్లకు ఇస్తారు, గడువు తీరడానికి 60 రోజుల ముందు నుంచి పెట్టుకోవచ్చు.

అనుమతి ఉన్నవాళ్లు కూడా తడబడేది ఇంజిన్ కాగితం దగ్గర. ఒకాయన తెచ్చిన బిల్లు చూశాను: "పాత ఇంజిన్, గేర్‌బాక్స్ సెట్ 1", కింద మొత్తం, సంతకం. నంబర్ లేదు. ఏ బండి నుంచి తీశారో లేదు. ఆ కాగితంతో ఆ ఇంజిన్ ఎవరిదో తేలదు. బిల్లులో మీ పేరు, అమ్మినవాళ్ల పేరు, జీఎస్టీ నంబర్, ఇంజిన్ నంబర్ పూర్తిగా ఉండాలి. దాంతోపాటు ఆ ఇంజిన్ వచ్చిన బండి ఆర్సీ కాపీ, ఆ బండి రిజిస్ట్రేషన్ రద్దయినట్టు కాగితం అడిగి తీసుకోండి. రెండూ లేవంటే ఆ ఇంజిన్ ఎంత చవకైనా వదిలేయండి. జాతీయ నేర రికార్డుల బ్యూరో నడిపే వాహన్ సమన్వయ్‌లో నంబర్ కొట్టి దొంగతనం కేసు ఉందేమో చూసుకోవచ్చు. అక్కడ వచ్చే కాగితాన్ని ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకోండి.

డబ్బులిచ్చే ముందు బ్లాకు మీద నంబర్ మీ కళ్లతో చదవండి. డీజిల్‌తో తడిపి వైర్ బ్రష్‌తో రుద్ది, ఆరాక సుద్ద పొడి రాస్తే అంకెలు తేలతాయి. నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, పెన్సిల్ ప్రింట్ అక్కడే తీసుకోండి. అంకెల చుట్టూ గ్రైండింగ్ గీతలున్నా, ఒక అంకె మిగతావాటికంటే లోతుగా ఉన్నా కొనకండి. "పాత నంబరే దీని మీద పంచ్ చేసేస్తాం, ఎవరికీ తెలీదు" అనే మనిషి దగ్గర నుంచి వెంటనే వచ్చేయండి. పట్టుబడితే కేసు అతని మీద ఒక్కడి మీదే ఉండదు, బండి పేరున్న మీ మీద కూడా పడుతుంది.

ఇన్‌స్పెక్షన్ గురించి టెన్షన్ పడకండి. నంబర్లు సరిపోల్చుతారు, బ్రేకులు చూస్తారు, పొగ చూస్తారు. బీఎస్ 4 కాలుష్య ప్రమాణాలకి ముందరి డీజిల్ బండికి పొగ 65 హెచ్‌ఎస్‌యూ (పొగ చిక్కదనాన్ని కొలిచే యూనిట్) దాటకూడదు. లాగుడు కోసం పంపు తెరిపించి ఉంటే ఆక్సిలరేటర్ తొక్కగానే నల్లగా వదులుతుంది. ముందురోజే పంపు సెట్టింగు చేయించుకుని వెళ్లండి.

కొత్త ఆర్సీ వచ్చిన రోజే ఎంపరివాహన్ యాప్‌లో కూడా తెరిచి ఇంజిన్ నంబర్‌ను పెన్సిల్ ప్రింట్‌తో ఒక్కో అక్షరం సరిచూడండి. సున్నాకి బదులు ఓ పడటం మామూలే. వెంటనే చెబితే అప్పుడే దిద్దుతారు. తర్వాత ఆ ఆర్సీ కాపీ ఇన్సూరెన్స్ కంపెనీకి ఇచ్చి పాలసీలో మార్పు రాయించుకోండి.