బోరు నీళ్ల ఇంటికి సొంత శుభ్రద్రవాలు: కుంకుడు, సోడా, నిమ్మ ఉప్పు

నెల సరుకుల చిట్టా ఒకసారి తీసి చూస్తే గిన్నెలకు ఒక సీసా, నేలకు ఒకటి, అద్దాలకు ఒకటి, స్నానాలగది టైల్సుకు ఒకటి, టాయిలెట్టుకు ఒకటి, నల్లాల మీది తెల్లచారలకు మరొకటి కనిపిస్తాయి. ఆరు సీసాల మీద ఆరు పేర్లున్నా, వాటితో మనం వదిలించుకోవాలనుకునే మురికి మాత్రం మూడు రకాలే: జిడ్డు, నీటి సున్నం, లోహాల మీద పట్టే చిలుము. కుంకుడుకాయలు, బట్టల సోడా, నిమ్మ ఉప్పు అనే మూడు సరుకులు చేతిలో ఉంటే ఈ మూడింటినీ ఇంట్లోనే వదిలించవచ్చు. ఇవి పెద్ద కిరాణా దుకాణాల్లో దొరుకుతాయి. బేగంబజారుకో సికింద్రాబాదు మోండా మార్కెట్టుకో వెళ్లి కిలోల లెక్కన కొంటే మరింత చవకగా వస్తాయి. అయితే ఏ సరుకును దేనికి వాడాలో, దేని దరిదాపులకు రానివ్వకూడదో తెలియకపోతే మిగిలే డబ్బుకన్నా పాడయ్యే వస్తువుల విలువే ఎక్కువవుతుంది. అందుచేత తయారీతో పాటు ఆ వివరమూ ఎక్కడికక్కడ చెబుతాను.

ముందుగా నీటి సంగతి తెలుసుకోవాలి. హైదరాబాదు గ్రానైటు రాతి నేల మీద ఉన్న నగరం. ఆ రాళ్ల పగుళ్లలో నుంచి బోరు తోడే నీటిలో సాధారణంగా కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటాయి. మంజీరా, కృష్ణా, గోదావరి నుంచి నల్లాలకు వచ్చే నీళ్లు అంత కఠినంగా ఉండవు. చాలా అపార్టుమెంట్లలో ఈ రెండూ, వాటికి తోడు ట్యాంకరు నీళ్లూ ఒకే సంపులో కలుస్తాయి కాబట్టి మన ఇంటి నీటి గుణం మనమే చూసుకోవాలి. మూతవున్న గాజుసీసాలో సగం వరకు నీళ్లు పోసి, బట్టల సబ్బు తురుము చిటికెడు వేసి బాగా కుదపండి. నురుగు నిలిచి కింద నీళ్లు తేటగా ఉంటే అవి మెత్తటి నీళ్లు. నురుగు రాక, నీళ్లు పాలలా మారి విరిగిన తునకలు తేలితే అవి కఠినమైన నీళ్లు. ఆ తునకలు వృథా అయిన సబ్బే. ప్రతి బకెట్టులోనూ మనం కొన్న సబ్బులో కొంత భాగం మురికిని ముట్టకుండానే ఇలా నీటి లవణాలతో కలిసి పోతుంది.

ఈ నష్టాన్ని ఆపడానికి బట్టల సోడా పనికివస్తుంది. దుకాణంలో వాషింగ్ సోడా అని అడగాలి, ఎందుకంటే ఉత్త సోడా అని అడిగితే వంటసోడా ఇచ్చే అవకాశం ఉంది. వంటసోడా చాలా మెత్తని క్షారం, బట్టల సోడా దానికన్నా ఎంతో ఘాటైనది. పెద్ద బకెట్టు నీటిలో ఒక పెద్ద చెంచాడు, అంటే సుమారు 15 గ్రాముల సోడా కరిగించి పావుగంట కదపకుండా ఉంచితే లవణాలు తెల్లటి మడ్డిగా అడుగుకు దిగుతాయి. పైనున్న తేటనీటిని వేరే బకెట్టులోకి వంచుకొని, అందులో సబ్బుపొడి వేసి బట్టలు నానబెట్టాలి. మునుపటి కొలతలో సగం పొడితో మొదలుపెట్టి చూడండి, చాలకపోతే కొద్దికొద్దిగా పెంచుకోవచ్చు. మా ఇంట్లో సగమే సరిపోతోంది. ఒక కిలో సోడా అరవైకి పైగా బకెట్లకు వస్తుంది. నూలు బట్టలకు, దుప్పట్లకు, తువ్వాళ్లకు ఇది చక్కటి పద్ధతి. పట్టు, ఉన్ని బట్టలకు మాత్రం సోడా తగలనివ్వకూడదు, ఎందుకంటే ఆ పోగులను క్షారం తినేస్తుంది. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోవడం మరువవద్దు.

వంటింటి జిడ్డుకు కూడా ఇదే సోడా. చిమ్నీ జాలీ స్టీలుదైతే వేడినీటిలో రెండు పెద్ద చెంచాల సోడా కలిపి అరగంట నానబెట్టి, పాత బ్రష్షుతో రుద్దితే నెలల నాటి జిడ్డు ఊడివస్తుంది. జాలీ అల్యూమినియందైతే ఈ పని చేయకూడదు, సోడా తగిలితే అల్యూమినియం నల్లబడి గరుకుగా తయారవుతుంది. అల్యూమినియం కుక్కర్లకు, పాత్రలకు కూడా ఇదే జాగ్రత్త. సింకు గొట్టంలో నీళ్లు మెల్లగా దిగుతుంటే రెండు చెంచాల సోడా వేసి బాగా వేడినీళ్లు నెమ్మదిగా పోయాలి. సలసల మరిగే నీళ్లు పోస్తే ప్లాస్టిక్ గొట్టాలు మెత్తబడి అతుకులు వదులుతాయి.

ఇక కుంకుడుకాయలు. కుంకుడు తొక్కలో సాపోనిన్లు అనే పదార్థాలుంటాయి. అవి సబ్బులాగే నూనెను నీటిలో కలిసేలా చేస్తాయి, కాని సబ్బులాగా కఠినజలంలో విరిగిపోవు. బోరు నీళ్లతో తలంటుకున్నా కుంకుడు రసం నురగలు రావడానికి కారణం అదే. మంచి కాయలు ముడతలు పడి, తేనెరంగులో ఉండి, చేతికి కొంచెం జిగురుగా తగులుతాయి. బాగా నల్లబడి తేలికగా ఉన్నవి పాతవి. కాయ బరువులో దాదాపు సగం గింజదే కనుక, గింజ తీసిన తొక్కను, గింజతో ఉన్న కాయను కిలో ధరల్లో పోల్చేటప్పుడు ఆ లెక్క చూసుకోవాలి.

గిన్నెల ద్రవం కోసం గింజ తీసిన తొక్క 250 గ్రాములను రెండున్నర లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున అదే నీటితో, పొంగిపోకుండా పెద్ద గిన్నెలో, సన్నని సెగ మీద అరగంట ఉడికించాలి. కుంకుడు నురుగు పాలకన్నా త్వరగా పొంగుతుంది కనుక పొయ్యి దగ్గర నుంచి కదలకూడదు. పూర్తిగా చల్లారాక చేత్తో బాగా పిసికి, పాత నూలుగుడ్డలో వడకట్టి పిండితే సుమారు రెండు లీటర్ల చిక్కటి రసం వస్తుంది. అందులో ఒక చిన్న చెంచా నిమ్మ ఉప్పు, రెండు చెంచాల రాళ్ల ఉప్పు కలిపితే కొంత ఎక్కువ కాలం నిలుస్తుంది. అయినా ఇందులో నిల్వమందులు లేవు. ఏప్రిల్, మే నెలల్లో బయట ఉంచితే రెండు రోజుల్లో పులిసి వాసన వస్తుంది, ఫ్రిజ్‌లో వారం దాకా బాగుంటుంది. రెండు లీటర్లు వారంలో అయిపోకపోతే మిగిలిన రసాన్ని ఐసుగడ్డల పెట్టెల్లో గడ్డకట్టించి, రోజూ కావలసినన్ని గడ్డలు గిన్నెలో వేసుకోవడం నేను కనుగొన్న అన్నిటికన్నా సులువైన మార్గం.

ఈ రసంలో నురుగు దుకాణం ద్రవం అంత రాదు. నురుగు లేదని మళ్లీ మళ్లీ పోయవలసిన పని లేదు, జిడ్డు వదలడానికి నురుగుతో సంబంధం లేదు. కొబ్బరిపీచును రసంలో ముంచి రుద్దితే అన్నం గిన్నెలు, స్టీలు కంచాలు శుభ్రంగా వస్తాయి. బిర్యానీ వండిన గిన్నెలాంటి మొండి జిడ్డుకు ముందు చెంచా సోడా వేసిన వేడినీళ్లు పోసి పది నిమిషాలు ఉంచి, తరువాత కుంకుడు వాడాలి. పట్టుచీరలకు ఇదే రసాన్ని బకెట్టు నీటికి అరగ్లాసు చొప్పున కలిపి, కొంగు అంచున ఒక మూల రంగు దిగుతుందేమో చూసి, తరువాత చీరంతా ముంచి నీడలో ఆరవేయాలి. గద్వాల, పోచంపల్లి చీరలను మా అమ్మ జీవితమంతా ఇలాగే చూసుకుంది. కంట్లో పడితే ఎలా ఉంటుందో కుంకుడుతో తలంటుకున్న వారెవరికీ చెప్పనక్కరలేదు, పిల్లలకు అందనివ్వకండి.

మూడవది నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లపు పలుకులు. నల్లాల మూతికి, షవరు రంధ్రాలకు, బకెట్ల లోపల, కెటిల్ అడుగున పేరుకునే తెల్లని పొర నీటిలోని సున్నమే. దానికి సబ్బు, సోడా పనిచేయవు, ఆమ్లమే కావాలి. లీటరు నీటికి రెండు పెద్ద చెంచాలు, అంటే సుమారు 30 గ్రాములు కరిగించి స్ప్రే సీసాలో పోసుకుంటే చాలు. కిలో నిమ్మ ఉప్పుతో ముప్పైమూడు లీటర్ల ద్రవం తయారవుతుంది, వాసన కూడా ఉండదు. నల్లా చుట్టూ పాతగుడ్డను ఈ ద్రవంలో తడిపి చుట్టి పదిహేను నిమిషాలుంచి రుద్ది కడగాలి. మెరుగు పూత ఉన్న నల్లాల మీద గంటల తరబడి ఉంచితే పూత దెబ్బతింటుంది. టాయిలెట్టు గిన్నెలో రాత్రి పడుకోబోయే ముందు నాలుగు చెంచాల పలుకులు చల్లి పొద్దున బ్రష్షుతో రుద్దితే పసుపుచారలు చాలావరకు పోతాయి. సంవత్సరాల తరబడి గట్టిపడిన చారలకు రెండు మూడు రాత్రులు పట్టవచ్చు. కిటికీ అద్దాలకు మాత్రం నిమ్మ ఉప్పు వద్దు, ఆరిన తరువాత జిగురుపొర మిగులుతుంది. గ్లాసు నీటిలో రెండు చెంచాల తెల్ల వెనిగర్ కలిపి తుడిచి, పాత వార్తాపత్రికతో ఆరబెడితే అద్దం మెరుస్తుంది.

ఇప్పుడు చెప్పబోయేది హైదరాబాదు ఇళ్లకు అన్నిటికన్నా ముఖ్యమైనది. పాత ఇళ్లలో పరిచిన తాండూరు బండలు, షాబాదు బండలు సున్నపురాయి జాతివి. వంటింటి గట్టు మీద వేసే కడప బండ కూడా అలాంటిదే. పాలరాయి, పాలరాతి ముక్కలు కలిపి పోసిన మొజాయిక్ నేల కూడా ఆమ్లానికి తట్టుకోలేవు. నల్లా మీది సున్నపు పొరను కరిగించే నిమ్మ ఉప్పు, ఈ రాళ్లలోని సున్నాన్ని కూడా అలాగే కరిగిస్తుంది. పదేళ్ల క్రితం మా నాన్నగారి ఇంట్లో తాండూరు బండల మీది మరకకు నేను నిమ్మరసం పోసి రుద్దాను. మరక పోలేదు సరికదా, అరచేయంత మేర మెరుపు పోయి తెల్లగా పొరలేచింది. అది ఇప్పటికీ అలాగే ఉంది, చూసినప్పుడల్లా బాధగానే ఉంటుంది. కాబట్టి మీ నేల ఏ రాయో తెలియకపోతే మంచం కింద మూలన ఒక నిమ్మరసం చుక్క వేసి చూడండి. సన్నగా బుడగలు వచ్చినా, తుడిచాక మచ్చ కనిపించినా నిమ్మ, చింతపండు, వెనిగర్ ఏవీ ఆ నేల మీద వాడకూడదు. అలాంటి నేలకు అరబకెట్టు గోరువెచ్చని నీటిలో ఒక చెంచా వంటసోడా కలిపి తుడిస్తే చాలు. సిరామిక్ టైల్సు నేలకు అరబకెట్టు నీటిలో పావుగ్లాసు కుంకుడు రసం పోసి తుడవవచ్చు.

ఇత్తడి, రాగి పూజాసామానుకు చింతపండు, రాళ్ల ఉప్పు కలిపి రుద్దడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. చింతపండులోని ఆమ్లం చిలుమును కరిగిస్తుంది. చారు కాచి పిండేసిన పిప్పిని పారవేయకుండా దాచి వాడితే అసలు ఖర్చే ఉండదు, పుల్లబడిన మజ్జిగ కూడా పనిచేస్తుంది. కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడవాలి, లేకపోతే బోరు నీటి చుక్కలు ఆరిన చోటల్లా మచ్చలు నిలుస్తాయి. వెండికి పొడి విభూతితో మెత్తగా తుడవడమే మేలు. బాగా నల్లబడితే గిన్నెలో అల్యూమినియం రేకు పరిచి, వేడినీళ్లు, చెంచా వంటసోడా, చెంచా ఉప్పు వేసి, వెండి వస్తువు రేకుకు తగిలేలా ఐదు నిమిషాలు ఉంచితే నలుపు రేకు మీదికి వెళుతుంది. రాళ్లు పొదిగినవి, కావాలని నల్లబరిచిన నగిషీ ఉన్నవి ఇలా ముంచకూడదు.

తొక్కలతో చేసే బయో ఎంజైము గురించి ఇటీవల అందరూ అడుగుతున్నారు. నల్గొండ బత్తాయిలు దండిగా వచ్చే రోజుల్లో తొక్కలకు కొదవలేదు. బెల్లం 100 గ్రాములు, బత్తాయి లేదా నిమ్మ తొక్కలు 300 గ్రాములు, నీళ్లు ఒక లీటరు, ఇదీ కొలత. గాజుసీసా కాకుండా ప్లాస్టిక్ సీసా తీసుకొని, పావువంతు ఖాళీ ఉంచి, మొదటి నెల రోజూ ఒకసారి మూత వదులు చేసి వాయువును పోనివ్వాలి. మూడు నెలలకు వడకట్టి, సిరామిక్ టైల్సు తుడిచే బకెట్టులో అరకప్పు కలపవచ్చు. ఇది కూడా పుల్లని ద్రవమే కాబట్టి పైన చెప్పిన రాళ్లకు పనికిరాదు. మంచి వాసన, ఓ మోస్తరు శుభ్రత ఇస్తుంది తప్ప రోగక్రిములను చంపే మందుగా దీన్ని నమ్మవద్దు. ఇంట్లో వాంతులు, విరేచనాలతో ఎవరైనా బాధపడుతున్నప్పుడు డబ్బు ఆదాచేయాలని చూడకుండా, బ్లీచింగ్ పౌడరును ప్యాకెట్టు మీది కొలత ప్రకారం వాడాలి.

కలపకూడనివి తెలుసుకోవడం ప్రాణాలకు సంబంధించిన విషయం. బ్లీచింగ్ పౌడరు లేదా బ్లీచ్ ద్రవంలో నిమ్మ ఉప్పు, వెనిగర్, టాయిలెట్టు ఆమ్లం ఏది కలిసినా క్లోరిన్ వాయువు వెలువడుతుంది. చిన్న స్నానాలగదిలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, ప్రాణం మీదికి తేగలదు. ఒకటి వాడిన చోట బాగా నీళ్లు కొట్టి, మరొకటి వేరే రోజు వాడాలి. వంటసోడా, వెనిగర్ కలిపి సీసాలో నిల్వచేసే పద్ధతి చాలామంది చెబుతారు. అది ప్రమాదకరం కాకపోయినా దండగ, ఎందుకంటే ఆ పొంగులో రెండూ ఒకదాన్నొకటి విరగగొట్టుకొని చివరికి దాదాపు ఉత్త నీళ్లే మిగులుతాయి. పైగా మూత బిగిస్తే సీసా పగులుతుంది.

తయారుచేసినవాటిని తాగునీటి సీసాల్లో, కూల్‌డ్రింకు సీసాల్లో ఎప్పుడూ పోయవద్దు. ఎండలో వచ్చిన పిల్లలు చూసుకోకుండా ఎత్తి తాగేస్తారు. ఖాళీ అయిన పాత శుభ్రద్రవాల సీసాలనే బాగా కడిగి, పాత చీటీ చింపేసి, లోపలున్నదేమిటో, ఏ తేదీన చేశారో, ఏ రాయి మీద వాడకూడదో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. ఇంట్లో పనికి సాయం వచ్చే ఆమెకు చదువు రాకపోతే ప్రతి సీసా మెడకు వేరు రంగు దారం కట్టి, ఏ రంగు దేనికో దగ్గరుండి రెండు మూడుసార్లు చూపించండి. మా ఇంట్లో ఎరుపు దారం సీసా స్నానాలగది గడప దాటి బయటికి రాదు.