నొప్పులు మొదలైనప్పటి నుంచి మాయ పడేదాకా: ఏ దశలో ఏం చేయాలి?

నెలలు నిండిన గర్భిణికి నొప్పులు రావడం, బిడ్డ పుట్టడం, మాయ పడడం అనే మూడు ఘట్టాలూ చాలామందిలో శరీరం తనంతట తాను నడుపుకునే పనులు. ఇంటివారు చేయవలసింది ఆ పనిని వేగిరపరచడం కాదు. అది ఏ దశకు వచ్చిందో గుర్తుపట్టి, ఆ దశకు తగినట్లు నడుచుకోవడం. ఆ గుర్తింపు లేనప్పుడు, ఒంగోలు, నెల్లూరు పట్టణాల్లో ఆసుపత్రి పక్క వీధిలో ఉన్నవారు మొదటి నొప్పికే పరుగెత్తి వార్డులో గంటల తరబడి కంగారు పడుతుంటారు. యర్రగొండపాలెం, పెద్దదోర్నాల, ఉదయగిరి, సీతారామపురం వంటి దూరపు మండలాలవారు ఇంకా సమయముందిలే అనుకొని దారిలోనే కాన్పయ్యే పరిస్థితి తెచ్చుకుంటుంటారు. ఇక్కడ చెప్పేది ఒకే బిడ్డ, తల కిందికి ఉన్న మామూలు కాన్పు గురించి. కవలలు, ఎదురుకాళ్లు, రక్తపోటు, మధుమేహం ఉన్నవారు, అంతకుముందు సిజేరియన్ అయినవారు ఎప్పుడు, ఎక్కడ చేరాలో వైద్యులు ముందే నిర్ణయించాలి.

నెలలు నిండకముందే

చివరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు లెక్కగట్టి వైద్యులు కాన్పు తేదీ ఇస్తారు. సరిగ్గా ఆ తేదీనే కనేవారు నూటికి నలుగురైదుగురికి మించరు. 37 వారాలు నిండిన తరువాత ఎప్పుడైనా నొప్పులు రావచ్చు. కాబట్టి 36వ వారానికల్లా చేరవలసిన ఆసుపత్రి, రాత్రివేళ దొరికే వాహనం, అవసరమైతే రక్తం ఇవ్వగలిగిన ఇద్దరు, వెంట ఉండే ఆడమనిషి ఎవరన్నది తేల్చుకోవాలి. తొలికాన్పుకు పుట్టింటికి తీసుకురావడం మన వైపు ఆనవాయితీ కనుక, అత్తవారి ఊళ్లో ఏఎన్ఎం రాసిన తల్లీబిడ్డల రక్షణ కార్డును, స్కానింగ్ కాగితాలను, రక్తపరీక్షల ఫలితాలను వెంట తెచ్చుకొని, పుట్టింటి ఊరి ఆశా కార్యకర్తకు కూడా సంగతి తెలియజేయాలి. చీరసారెలతో పాటు సర్దవలసిన మొదటి వస్తువు ఆ కార్డే.

108 అంబులెన్సు 2005 నుంచి రాష్ట్రంలో ఉచితంగా నడుస్తోంది. అయితే నల్లమల అంచున ఉన్న గూడేలవారు అది తమదాకా రావడానికి పట్టే సమయాన్ని కూడా ప్రయాణంలో కలిపి లెక్కించుకోవాలి. నెల్లూరు తీరగ్రామాలకు మరొక జాగ్రత్త అవసరం: కార్తీక, మార్గశిర మాసాల్లో తుపాను హెచ్చరిక వస్తే, వాగులు పొంగకముందే నిండు గర్భిణిని పట్టణంలో బంధువుల ఇంటికో ఆసుపత్రికో చేర్చడం మంచిది.

నిజమైన నొప్పులా, దొంగ నొప్పులా?

గర్భం నిలిచినంత కాలం ప్రొజెస్టిరాన్ అనే హార్మోను గర్భసంచి కండరాన్ని నిమ్మళంగా ఉంచుతుంది. నెలలు నిండేసరికి దాని పట్టు సడలి, ఈస్ట్రోజన్ అనే మరో హార్మోను ప్రభావం వల్ల కండరానికి, నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ అనే హార్మోనుకు స్పందించే గుణం పెరుగుతుంది. ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు గర్భాశయ ముఖద్వారాన్ని మెత్తబరుస్తాయి. అంతవరకు ముక్కు కొనలా గట్టిగా తగిలే ఆ ద్వారం పెదవిలా మెత్తబడుతుంది. బిడ్డ తల దానిపై ఒత్తేకొద్దీ తల్లి మెదడులోని పిట్యూటరీ గ్రంథి నుంచి మరింత ఆక్సిటోసిన్ వెలువడుతుంది. దానివల్ల నొప్పి బలపడుతుంది, తల ఇంకా కిందికి ఒత్తుతుంది. నిజమైన నొప్పులు మొదలైన తరువాత ఆగకుండా పెరుగుతూ పోవడానికి కారణం ఈ చక్రమే.

దొంగ నొప్పులకు ఈ వరుస ఉండదు. అవి ఒకసారి పది నిమిషాలకు, మరొకసారి అరగంటకు వచ్చి, కాసేపు పడుకున్నా నడిచినా నీళ్లు తాగినా తగ్గిపోతాయి. నిజమైనవి తరచుగా నడుములో మొదలై పొట్ట ముందుకు పాకుతాయి, పొట్ట చేతికి గట్టిగా తగులుతుంది, వాటి మధ్య విరామం క్రమంగా తగ్గుతుంది. తేల్చుకోవడానికి గడియారం చాలు: ఒక నొప్పి మొదలైన క్షణం నుంచి తరువాతి నొప్పి మొదలయ్యే క్షణం వరకు ఎంత సమయం పట్టిందో, ఒక్కొక్కటి ఎన్ని సెకన్లు ఉందో గంటసేపు కాగితం మీద రాసుకోవాలి. పెద్దవాళ్లు ఇచ్చే జీలకర్ర కషాయం ఒక గ్లాసు తాగితే తప్పులేదు, కానీ దాని ఫలితం చూద్దామని ప్రయాణం ఆపడం తప్పు. జిగురులో కొద్దిగా రక్తపు చార కలిసి కనబడడం ముఖద్వారం మెత్తబడుతోందనడానికి గుర్తు, దానికి భయపడనక్కరలేదు.

మొదటి దశ: ముఖద్వారం తెరుచుకోవడం

అన్నిటికంటే పొడవైన దశ ఇదే. ప్రతి నొప్పీ గర్భసంచి పైభాగంలో పుట్టి కిందికి వ్యాపిస్తుంది. నొప్పి తగ్గినా పైభాగపు కండరం పూర్తిగా మునుపటి పొడవుకు రాదు, కొంచెం కురచబడే ఉంటుంది. ఆ కురచదనం నొప్పి నొప్పికీ కూడి, కింది భాగాన్ని పైకి లాగి పలచబరుస్తుంది. ముఖద్వారం అలా 10 సెంటీమీటర్ల వరకు తెరుచుకుంటుంది. 5 సెంటీమీటర్ల వరకు నెమ్మదిగా సాగే భాగానికి ఇంత సమయమని నియమం లేదు, తొలికాన్పులో ఒక్కోసారి రోజంతా పట్టవచ్చు. ఆ తరువాత వేగం పెరుగుతుంది. వేగం పెరిగిన ఆ భాగం తొలికాన్పులో సాధారణంగా 12 గంటలు, మలికాన్పులో 10 గంటలు దాటదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలన్న పాత లెక్క అందరికీ వర్తించదని కూడా అవే చెప్పాయి, కాబట్టి ఇంకా ఎందుకు కావడం లేదని గంటగంటకూ నర్సును నిలదీయడంలో అర్థం లేదు.

బయలుదేరే వేళ ఇలా నిర్ణయించుకోవాలి. తొలికాన్పై, ఆసుపత్రి దగ్గరలో ఉంటే, నొప్పులు ఐదు నిమిషాలకొకటి చొప్పున, ఒక్కొక్కటి సుమారు నిమిషం పాటు, గంటసేపు వచ్చేవరకు ఇంట్లో ఉండవచ్చు. మలికాన్పు అయినా, మార్కాపురం అవతలి నుంచి ఒంగోలు రావలసినంత దూరం ఉన్నా, పది నిమిషాలకొకటి వరుసగా రావడం మొదలవగానే కదలాలి. ఉమ్మనీరు పోతే నొప్పులు లేకపోయినా వేళను, నీటి రంగును గుర్తుంచుకొని వెంటనే బయలుదేరాలి. ఆ నీరు ఆకుపచ్చగా ఉన్నా, దుర్వాసన వేసినా, రక్తం ధారగా పోతున్నా, బిడ్డ కదలిక తగ్గినా, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, జ్వరం, ఫిట్స్ వచ్చినా, 37 వారాల లోపే నొప్పులు వచ్చినా నొప్పుల లెక్కతో పని లేదు, వెంటనే బయలుదేరాలి. బొడ్డుతాడు బయటికి జారినట్లు కనబడితే దాన్ని ముట్టుకోకుండా, ఆమెను మోకాళ్ల మీద ముందుకు వంచి, నడుము ఎత్తుగా ఉండేలా ఉంచి తరలించాలి.

ఈ దశలో నడవడం, ఒక పక్కకు తిరిగి పడుకోవడం, నడుము నిమిరించుకోవడం మేలు చేస్తాయి. వెల్లకిలా పడుకుంటే బరువైన గర్భసంచి వెనుకనున్న పెద్ద రక్తనాళాన్ని ఒత్తి, బిడ్డకు చేరే రక్తాన్ని తగ్గిస్తుంది. వైద్యులు వద్దనకపోతే పలచని అన్నం, మజ్జిగ, నీళ్లు ఇవ్వవచ్చు. రోహిణి కార్తె ఎండల్లో నోరు ఎండనివ్వడం ఆమె శక్తిని హరిస్తుంది. మూత్రం నిండిన సంచి బిడ్డ తలకు అడ్డు కనుక రెండు గంటలకొకసారి మూత్రానికి పంపాలి. ధైర్యం చెప్పే తోడు ఒకరు లోపల ఉండడం మంచిదని, కాన్పు గదుల్లో సేవలు మెరుగుపరచడానికి 2017లో కేంద్రం మొదలుపెట్టిన లక్ష్య కార్యక్రమం కూడా గుర్తించింది.

ఒక పని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు: త్వరగా కావాలని ఊళ్లో ఆర్ఎంపీ చేత నొప్పుల సూది (ఆక్సిటోసిన్) వేయించడం. నొప్పి వచ్చినంతసేపూ మాయకు రక్తప్రసరణ తగ్గుతుంది, విరామంలోనే బిడ్డ తేరుకుంటుంది. సూదితో విరామం లేకుండా నొప్పులు వస్తే బిడ్డకు ప్రాణవాయువు అందదు, గర్భసంచి చిరిగే ప్రమాదమూ ఉంది. ఆసుపత్రిలో అదే మందును చుక్కల లెక్కన ఇస్తూ, నిమిషానికి 110 నుంచి 160 వరకు ఉండవలసిన బిడ్డ గుండె వేగాన్ని గమనిస్తూ ఉంటారు.

రెండవ దశ: బిడ్డ పుట్టడం

ద్వారం పూర్తిగా తెరుచుకున్న తరువాత తొలికాన్పులో మూడు గంటల లోపు, మలికాన్పులో రెండు గంటల లోపు బిడ్డ పుడుతుంది. మలవిసర్జనకు వెళ్లాలనిపించే ఒత్తిడి దీనికి గుర్తు. అప్పుడు ఆమెను ఒంటరిగా మరుగుదొడ్డికి పంపరాదు. ద్వారం పూర్తిగా తెరుచుకోకముందే ముక్కమనడం వల్ల అలసట తప్ప ఫలితం లేదు. కటి ఎముకల పైద్వారం అడ్డంగా, కింది ద్వారం ముందువెనకలుగా వెడల్పు కనుక బిడ్డ గడ్డాన్ని ఎదకు ఆనించుకొని, దారిలో తిరిగి, సాధారణంగా ముఖం తల్లి వీపువైపు ఉండేలా బయటికి వస్తుంది. తల వచ్చాక మళ్లీ పక్కకు తిరిగితే భుజాలు వస్తాయి. పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోకపోవడం వల్ల తల సాగినట్లు కనిపించినా కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది, దాన్ని చేత్తో ఒత్తి గుండ్రంగా చేయనక్కరలేదు. పొట్టమీద మోచేత్తో నొక్కి బిడ్డను దింపడం ప్రమాదకరం, ఎవరు చేస్తున్నా వద్దని అడిగే హక్కు ఇంటివారికి ఉంది.

బిడ్డను తుడిచి, తల్లి ఎదమీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి, పైన పొడి గుడ్డ కప్పాలి. ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగి బొడ్డుతాడు కత్తిరిస్తే మాయలోని రక్తం బిడ్డకు అంది, తరువాతి నెలల్లో రక్తహీనత తగ్గుతుంది. వాహనంలోనే కాన్పైతే బండి ఆపి, బిడ్డను తుడిచి తల్లి ఎదమీద పడుకోబెట్టి కప్పడం వరకే చేయాలి. బిడ్డను లాగకూడదు, దొరికిన కత్తితోనో బ్లేడుతోనో తాడు కోయకూడదు.

మూడవ దశ, ఆ తరువాతి రెండు గంటలు

బిడ్డ బయటికి రాగానే గర్భసంచి కుదించుకుంటుంది, అంత కుదించుకోలేని మాయ గోడ నుంచి విడిపోతుంది. సాధారణంగా అరగంట లోపు పడుతుంది. బిడ్డ పుట్టిన వెంటనే తల్లికి 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇవ్వడం రక్తస్రావాన్ని తగ్గించే ముఖ్యమైన చర్య. పుట్టకముందు హానికరమైన సూది, పుట్టిన తరువాత ప్రాణరక్షకమవుతుంది. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం ప్రవహిస్తుంటుంది. మాయ విడిపోయిన చోట తెరుచుకున్న నాళాలను, అల్లిబిల్లిగా ఉన్న కండర పోగులే బిగించి మూయాలి. కాబట్టి తాడు పట్టి లాగే పని శిక్షణ ఉన్నవారికే వదిలి, మాయ ముక్క లోపల మిగల్లేదని పరిశీలించారా అని అడగాలి.

మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టిస్తే వెలువడే ఆక్సిటోసిన్ గర్భసంచిని ఇంకా బిగిస్తుంది. తేనె, చక్కెర నీళ్లు, గాడిదపాలు నాకించరాదు. బిడ్డకు స్నానం చేయించడానికి కనీసం 24 గంటలు ఆగాలి. రెండు గంటల పాటు పావుగంటకొకసారి బొడ్డు కింద చేయి వేసి చూస్తే గర్భసంచి గట్టిగా, గుండ్రంగా తగలాలి. మెత్తగా ఉన్నా, గంటలోపే గుడ్డ పూర్తిగా తడిసినా, కళ్లు తిరుగుతున్నాయన్నా వెంటనే నర్సును పిలవాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో మామూలు కాన్పుకు మూడు రోజుల భోజనం ఉచితం, ఇంటికి చేర్చడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉంది. కనుక మంచి రోజు చూసి మరుసటి పూటే తీసుకువెళ్లే తొందర వద్దు. ఇంటికి వచ్చాక జ్వరం, దుర్వాసనతో కూడిన స్రావం, మళ్లీ పెరిగే రక్తం, బిడ్డ పాలు తాగకపోవడం కనబడితే పథ్యంతో సరిపెట్టకుండా అదే రోజు ఆసుపత్రికి తిరిగి తీసుకువెళ్లాలి.