జెట్ స్కీ డిప్‌స్టిక్ మీద పాలటీ కనిపిస్తే

విశాఖలో రుషికొండ బీచ్‌లో అద్దెకి తిరిగే జెట్ స్కీలకి రిపేర్లు చేస్తుంటాను. ఆయిల్ ప్రాబ్లమ్ అని ఎవరు బండి తెచ్చినా ముందు పానా పట్టను. "ఆగిపోయే ముందు దీనికేమైంది?" అని అడుగుతాను. సగం రోగం అక్కడే తెలిసిపోతుంది.

మొన్న సంక్రాంతి రద్దీలో ఒక కుర్రాడు వచ్చి, "ఏం కాలేదు గురూ, ఊరికే ఆగిపోయింది" అన్నాడు. డిప్‌స్టిక్ (ఇంజన్లో ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల) లాగి చూస్తే ఆయిల్ కాదు, చిక్కటి పాలటీ! అంటే ఆయిల్లో నీళ్లు కలిశాయి. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు. నడి నీళ్లలో పెట్రోల్ అయిపోతే చేపల బోటుకి తాడు కట్టి లాక్కొచ్చారట. బోటు వాడు మామూలు స్పీడులోనే వచ్చాడు, జెట్ స్కీకి అదే ఎక్కువ. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు బండిని జోరుగా లాగితే, బండిని ముందుకి తోసే జెట్ పంపులోంచి నీళ్లు కూలింగ్ పైపులోకి తోసుకొస్తాయి. అక్కణ్ణుంచి ఎగ్జాస్ట్ నిండి వెనక్కి సిలిండర్లలోకి, పిస్టన్ రింగుల పక్కనుంచి ఆయిల్లోకి దిగుతాయి. యమహా వాళ్ల జెట్ స్కీ వేవ్‌రన్నర్ మాన్యువల్‌లో గంటకి 8 కిలోమీటర్లు దాటి లాగొద్దని ఉంటుంది. అంటే మనిషి మెల్లగా పరిగెత్తినంత.

ఇలాంటి బండికి స్టార్ట్ బటన్ నొక్కకండి. సిలిండర్లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. ముందు ప్లగ్గులన్నీ విప్పాలి, ఇగ్నిషన్ కాయిల్స్ పక్కకి తీసి పెట్టాలి, ప్లగ్ రంధ్రాల మీద గుడ్డ వేసి అప్పుడు క్రాంక్ చేయాలి. ఆ రోజు ఆ గుడ్డ మూడుసార్లు పిండాల్సి వచ్చింది. తర్వాత ఆయిల్. చాలా జెట్ స్కీల్లో బైక్‌లాగా కింద బోల్టు విప్పి వదలడం కుదరదు, డిప్‌స్టిక్ గొట్టంలోంచి సక్షన్ పంపుతో లాగాలి. లాగాం, కొత్తది పోశాం, హోస్ పెట్టి ఐదారు నిమిషాలు నడిపాం, మళ్లీ లాగాం. మొదటిసారి వచ్చింది కాఫీ రంగులో ఉంది, రెండోసారి కాస్త మసక, మూడోసారికి తేనె రంగు. ఫిల్టర్ చివర్లో మార్చాం. "పండగ గిరాకీ అయ్యాక, రెండ్రోజులాగి చేయించుకుంటా" అన్నాడా కుర్రాడు. నేను ఒప్పుకోలేదు. ఉప్పునీళ్లు బేరింగుల మీద కూర్చుంటే తుప్పుకి పండగ సెలవు ఉండదు.

బండిని తాడుతో లాగలేదు, నీళ్లలో తిరగబడలేదు, అయినా కొత్త ఆయిల్ మళ్లీ తెల్లబడిందా? అప్పుడు సిలిండర్ల పైన సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్ మీదా, ఆయిల్‌ని చల్లబరిచే ఆయిల్ కూలర్ మీదా అనుమానం. అది ఒడ్డున కూర్చుని చేసే పని కాదు, కంప్రెషన్, లీక్ టెస్టులు చేసే చోటికి పంపండి.

ఆయిల్ పోసే మూతకి మాత్రమే పల్చగా వెన్నలాంటిది అంటి, డిప్‌స్టిక్ శుభ్రంగా ఉంటే మాత్రం టెన్షన్ పడొద్దు. తేమ ఊళ్లో బండిని ఐదేసి నిమిషాలే నడిపితే అలా అవుతుంది. అయినా సందేహం తీరకపోతే మా షెడ్డులో ఒక పాత పెనం ఉంది. బాగా వేడెక్కించి, మంట ఆపేసి, కాస్త దూరంగా నిలబడి ఒక్క చుక్క వేస్తాను. తాలింపులా చిటపటమంటే అందులో నీళ్లున్నట్టే.

ఇంజన్లోకి నీళ్లు పోవడానికి ఇంకో దారి మన చేతిలోనే ఉంది: ఇంజన్ లోపల కడగడానికి పెట్టే హోస్. ముందు ఇంజన్ స్టార్ట్ చేసి, తర్వాత కుళాయి తిప్పాలి. ఆపేటప్పుడు ముందు కుళాయి, తర్వాత ఇంజన్. నీళ్లు లేకుండా 15 సెకన్లు మించి నడపకూడదు. కొత్తగా చేరిన వాళ్లందరూ దీన్ని తిరగేసే చేస్తారు. ఇక తిరగబడిన బండిని ఎటు తిప్పాలో వెనకాల స్టిక్కర్ మీద బాణం గుర్తు ఉంటుంది. చేతికి అందిన వైపు తిప్పేయకండి.

లెవెల్ చూడ్డం దగ్గర కూడా చాలామంది తప్పు చేస్తారు. ట్రైలర్ ముక్కు పైకి ఎత్తి ఉండగా చల్లటి ఇంజన్లో చూసి, తక్కువుందని అరలీటరు పోసేస్తారు. ఎక్కువైన ఆయిల్ ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టంలోంచి గాలి పెట్టెలోకి వెళ్లి నీలం పొగ కక్కుతుంది. బండి సమంగా ఉండాలి, ఇంజన్ వేడెక్కి ఆగి ఉండాలి, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగి చూడాలి. తక్కువుంటే కొద్దికొద్దిగా పోయండి.

పోయకుండానే లెవెల్ పెరిగిందా? సంతోషించకండి. వేలికి రాసుకుని వాసన చూడండి. పెట్రోల్ కంపు కొట్టి, నీళ్లలా జారిపోతుంటే ఇంజెక్టర్ కారుతున్నట్టు లెక్క. కారణం దొరక్కుండా ఆయిల్ మారిస్తే డబ్బులు దండగ.

నడుస్తుండగా ఆయిల్ బజర్ మోగితే వెంటనే ఆపేయండి. లెవెల్ బాగుంటే ఉప్పు పట్టిన సెన్సర్ వైరు కావచ్చు, ఆయిల్ పంపు పాడైనా కావచ్చు. "సెన్సరేలే" అనుకుని ఒడ్డు దాకా నడిపిన బండి ఒకటి నా షెడ్డులో ముక్కలుగా ఉంది.

మామూలు మార్పుకి యమహాలో మొదట 10 గంటలకి, తర్వాత ప్రతి 100 గంటలకి లేదా ఏడాదికి అని లెక్క. అద్దె బండికి 100 గంటలు ఎంతలో వస్తాయి! అందుకే మార్చిన ప్రతిసారీ మీటర్ గంటలు సీటు కింద మార్కర్‌తో రాస్తాను. బండి ఓనర్ చెప్పే లెక్క కంటే నాకు ఆ గీతల మీదే నమ్మకం.