పిల్లికి బిచ్చం: నల్లగొండ నుంచి కొత్త ఇంటికి పిల్లిని చేర్చడానికి చందాలు ఎలా సేకరించాలి?

ఉద్యోగం బదిలీ అయింది. కిరాయి ఇంటి ఓనర్ ఒప్పుకోవడం లేదు. ఇంట్లో పసిపాప పుట్టింది. పిల్లిని వదిలించుకోవడానికి మన దగ్గర చెప్పే కారణాలు ఎక్కువగా ఇవే. వదిలించుకునే పద్ధతి కూడా పాతదే: గోనెసంచిలో వేసుకుని, పొద్దుగూకాక మార్కెట్ యార్డు దగ్గరో రైస్ మిల్లు వెనకో మూతి విప్పి రావడం. మిల్లులో ఎలుకలుంటాయి, ఎట్లనో బతుకుతుందిలే అనుకుంటారు. ఇంట్లో పెరుగన్నం తిని పెరిగిన పిల్లికి వేటాడటం అంతగా రాదు. అక్కడి కుక్కల నుంచి తప్పించుకోవడం అసలే రాదు. తిండీ నీళ్లూ లేక అల్లాడే పరిస్థితిలో జంతువును వదిలేసి పోవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

హైదరాబాద్‌లో నాటు పిల్లిని పెంచుకుంటామని అడిగేవాళ్లు దొరుకుతారు. నల్లగొండ నుంచైనా, పాలమూరు నుంచైనా మధ్యలో ఉన్నది దాదాపు నూరు కిలోమీటర్ల రోడ్డు, దానికయ్యే ఖర్చు. ఆ ఖర్చును నలుగురి నుంచి ఎలా రాబట్టాలన్నదే ఇక్కడి విషయం.

ముందు ఇల్లు, తర్వాతే చందా

ఇల్లు ఖాయం కాకుండా ఎవరినీ రూపాయి అడగొద్దు. డబ్బు వచ్చాక తీసుకునేవాళ్లు వెనక్కి తగ్గితే పిల్లీ మీ దగ్గరే ఉంటుంది, చందా ఇచ్చినవాళ్ల ప్రశ్నలూ మీ మీదే పడతాయి.

తీసుకుంటామన్నవాళ్లకు వీడియో కాల్ చేసి ఇల్లు చూపించమనండి. నాలుగో అంతస్తు ఫ్లాట్ అయితే బాల్కనీకి, కిటికీలకు జాలీ ఉందా? ఇంట్లో అందరూ ఒప్పుకున్నారా, లేక ఒక్క ఇంటర్ చదివే పిల్ల సరదాయేనా? దసరాకు ఊరెళితే దానికి తిండి ఎవరు పెడతారు? ఈ ప్రశ్నలకు విసుక్కునేవాళ్లకు పిల్లిని ఇవ్వకపోవడమే మంచిది. ఇచ్చేవాళ్ల నుంచి కూడా "మా పిల్లిని ఇష్టపూర్వకంగా ఇస్తున్నాం" అని వాట్సాప్‌లో ఒక మెసేజ్ తీసుకోండి. రేపు ఆ ఇంట్లోనే ఇంకొకరు "మా పిల్లిని ఎత్తుకపోయిన్రు" అంటే అది పనికొస్తుంది.

మొదటి చందా పిల్లిని వదులుకుంటున్న ఇంటి నుంచే అడగాలి. మొహమాటపడొద్దు. రెండోది తీసుకునేవాళ్ల నుంచి. పెట్రోల్‌లో కొంత కూడా పెట్టుకోలేమనేవాళ్లు రేపు డాక్టర్ ఫీజు ఎలా పెట్టుకుంటారు? ఈ రెండూ పోగా మిగిలిందే బయట అడగాల్సింది.

ఎంత అడగాలి?

నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా కూకట్‌పల్లి దాకా వెళ్లి రావడానికి 230 కిలోమీటర్లు అనుకుందాం. లీటరుకు 15 ఇచ్చే కారుకు పదిహేను లీటర్ల పైనే పడుతుంది. పెట్రోల్ లీటరు 107 రూపాయలు అనుకుంటే దాదాపు 1,640. దీనికి దారిలోని పంతంగి టోల్, డాక్టర్ దగ్గర ఖర్చు కలపాలి. అదే రోజు తిరిగొస్తే టోల్ రానుపోను కలిపి తగ్గుతుంది. రెండు మూడు పిల్లులకు ఒకే వైపు ఇళ్లు కుదిరితే ఒకే ట్రిప్పులో, దేని బుట్ట దానికి పెట్టి పంపితే ఖర్చు పంచుకోవచ్చు.

కారు కిరాయి అడిగే ముందు ఇంకో దారి చూడండి. శుక్రవారం రాత్రి ఊరికొచ్చి ఆదివారం సాయంత్రం తిరిగి వెళ్లే సాఫ్ట్‌వేర్ పిల్లలు ప్రతి కాలనీలో ఉన్నారు. వాళ్ల వెనక సీటులో ఖాళీ దొరికితే చందా అవసరం సగానికి సగం తగ్గిపోతుంది. పిల్లి ఎదురొస్తే బండి ఆపి కాసేపు కూర్చుని మరీ బయల్దేరే పెద్దలు ఆ కారులో ఉన్నారేమో మాత్రం ముందే కనుక్కోండి. బయల్దేరే వేళ గొడవ వద్దు.

మెసేజ్ ఇలా రాయండి

"అయ్యో పాపం, మూగజీవి" అని మొదలుపెట్టే మెసేజ్‌లు ఇప్పుడు ఎవరూ పూర్తిగా చదవరు. ఏ పిల్లి, ఎక్కడికి, ఎప్పుడు, ఎంత: ఈ నాలుగూ ఒక్క చూపులో కనపడాలి. ఉదాహరణకు:

"నలుపు తెలుపు ఆడ పిల్లి, ఏడాది వయసు. క్లాక్ టవర్ దగ్గరి ఇంట్లో పెరిగింది, వాళ్లకు బదిలీ అయింది. వ్యాక్సిన్, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినయి. కూకట్‌పల్లిలో ఇల్లు ఖాయమైంది. వచ్చే ఆదివారం పొద్దున ప్రయాణం. మొత్తం ఖర్చు 1,900. రెండు ఇళ్లవాళ్లు కలిసి 1,000 ఇచ్చిన్రు. ఇంకా 900 కావాలి. 50 అయినా సరే."

కింద ఒకే ఫొటో, పగటి వెలుతురులో తీసింది, కళ్లు స్పష్టంగా కనపడేది. "రేపటికల్లా డబ్బు రాకపోతే చచ్చిపోతుంది" అని రాయొద్దు. ఒకసారి పనిచేస్తుంది, రెండోసారి మీ మెసేజ్ తెరవరు. 900 రాగానే "చాలు, ఇక పంపొద్దు" అని పెట్టండి. అడగడం ఆపినవాళ్ల మీద వచ్చే నమ్మకం వేరే.

టెన్త్ బ్యాచ్ గ్రూపు, కాలనీ గ్రూపు, ఆఫీసు గ్రూపు: ఎక్కడ పెట్టినా ఎవరో ఒకరు అంటారు, "మనుషులకే దిక్కు లేదు, పిల్లికి కారు కిరాయా?" వాదనకు దిగొద్దు. "నిజమే అన్నా, ఇష్టమున్నోళ్లే ఇస్తున్నరు, లెక్క ఇక్కడే పెడత" అని ఊరుకోండి.

డబ్బు ఎవరి ఖాతాలోకి?

ఇంటి ఖర్చులు తిరిగే ఖాతాలో చందా కలపొద్దు. వేరే సేవింగ్స్ ఖాతా తెరిచి, దాని క్యూఆర్ కోడ్ మాత్రమే పంపండి. స్కాన్ చేస్తే ఏ పేరు కనపడుతుందో మెసేజ్‌లోనే రాయండి. ఇంకొకరికి కూడా ఖాతా వివరాలు చూసే వీలుంటే మాట పడాల్సిన పని ఉండదు.

బంధువులు కానివారి నుంచి ఏడాదిలో 50,000 దాటి వస్తే అది మీ ఆదాయం కింద పన్ను లెక్కలోకి వస్తుంది. అంత పెద్ద పని అయితే రిజిస్టర్ అయిన జంతు సంక్షేమ సంస్థ ద్వారా చేయడం మేలు. విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు వచ్చే రశీదు కూడా అందుకు ఆమోదం ఉన్న సంస్థలే ఇవ్వగలవు. వాటికైనా 2,000 దాటిన నగదుకు మినహాయింపు రాదు.

మన జిల్లాలో అమెరికా చుట్టాలు లేని కాలనీ తక్కువ. వాళ్లను అడిగేటప్పుడు ఒక జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, ఇచ్చే విరాళం విదేశీ విరాళాల చట్టం కిందికి వస్తుంది. ఆ చట్టం కింద అనుమతి లేకుండా తీసుకోవద్దు. వాళ్లను డబ్బు బదులు హైదరాబాద్‌లో తెలిసినవాళ్ల ఇల్లు చూపించమనండి.

బండెక్కించే ముందు

పశువుల దవాఖానలో చూపించి, ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉందని సర్టిఫికెట్ తీసుకోండి. 1978 నాటి జంతువుల రవాణా నిబంధనల్లో ఇది ఉంది. నెలలు నిండిన చూడి పిల్లిని ప్రయాణం చేయించకూడదని కూడా ఉంది. ఎనిమిది వారాలు నిండని కూనలను తల్లి నుంచి విడదీయొద్దు. మత్తు మందు మీ అంతట మీరు వేయొద్దు.

గట్టి ప్లాస్టిక్ బుట్ట కొనండి, అట్టపెట్టె వద్దు. పిల్లి ఒంటేలు పోస్తే అట్ట అడుగు నాని, ఎత్తగానే ఊడిపోతుంది. బుట్టలో పాత ఇంటి దుప్పటి ముక్క వేయండి, ఆ వాసనకు కాస్త కుదురుగా ఉంటుంది. బయల్దేరే ముందు నాలుగైదు గంటలు తిండి ఆపి, నీళ్లు మాత్రం పెట్టండి. దారంతా అరుస్తుంది. జాలిపడి బుట్ట తెరిచారో, టోల్ దగ్గర అద్దం దించగానే బయటికి దూకుతుంది. హైవే మీద దాన్ని మళ్లీ పట్టడం ఎవరి వల్లా కాదు. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామునే బయల్దేరండి. నోరు తెరిచి రొప్పుతుంటే ఎండ దెబ్బ తగులుతుండొచ్చు. వెంటనే ఏసీ పెంచి, ఆపకుండా దగ్గర్లోని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

అదే రోజు లెక్క

పిల్లి దిగిన సాయంత్రమే గ్రూపులో మూడు ఫొటోలు పెట్టండి: కొత్త ఇంట్లో పిల్లి, పెట్రోల్ బిల్లు, ఖాతా మిగులు. కొత్త ఇంటి అడ్రస్ కనపడకుండా చూడండి. ఇచ్చినవాళ్ల పేర్లు అడగకుండా రాయొద్దు, ఇంట్లో తెలియకుండా ఇచ్చేవాళ్లుంటారు.

మిగిలిన డబ్బును వెంటనే ముట్టుకోవద్దు. కొత్త ఇంట్లో పిల్లి మంచం కింద దూరి మొదటి రోజు సరిగా తినకపోయినా వాళ్లకు కంగారు పుడుతుంది, తీసుకుపొమ్మంటారు. చాలాసార్లు ఫోన్‌లో ధైర్యం చెబితే సరిపోతుంది. నిజంగానే కుదరకపోతే తిరుగు ప్రయాణానికి పెట్రోల్ కావాలి కదా. రెండు వారాలు ఆగి, అంతా బాగుంటే ఆ మొత్తాన్ని తర్వాతి పిల్లి లెక్కలో జమ చేశామని గ్రూపులో ఒక లైను రాయండి.