మొరం నలిపి చూడండి

మీ చేలో మట్టి ఎంత మందం ఉందో తెలియాలంటే నడుంలోతు గుంత తీయండి. కొత్తగా తవ్విన ఫామ్ పాండ్ (చేలో వాననీరు నిలిపే కుంట) ఉంటే దాని గోడ చాలు. గోడను పారతో కాస్త చెక్కి నీళ్లు చల్లితే పొరలు తేటగా కనిపిస్తాయి.

నల్లగొండ దగ్గర మా చేలో పైన ఎర్ర చలక నేల, దాని కింద మొరం, అంటే సగం చివికిన బండ, ఆ కింద గట్టి గ్రానైట్ బండ. బండ మట్టిగా ఎలా మారుతుందో, ఆ అసలు సంగతంతా మొరంలోనే ఉంది. ఒక పెళ్ల తీసి వేళ్లతో నలపండి. గ్రానైట్‌లో ఉండే ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం తెల్లటి పిండిలా రాలుతుంది. నీళ్లు తగిలి తగిలి అది బంకమట్టిగా మారుతోందన్నమాట. గాజుపెంకులా మెరిసే పలుగురాయి మాత్రం నలగదు, ఇసుకగా మిగులుతుంది. నల్ల అభ్రకంలోని ఇనుము తుప్పు పట్టడం వల్లే ఆ ఎరుపు. పగుళ్లలోకి దూరిన వేపవేరును కూడా చూడండి, ఎంత సన్నగా మొదలై బండను ఎలా విడదీస్తుందో!

తర్వాత వాలు పైన ఒకటి, కింద ఒకటి గుంతలు తీసి కొలవండి. మా దగ్గర పైన జానెడే, కింద మూడు జానలు. బండ చివికి అంగుళం మట్టి కావడానికి వందల ఏళ్లు పడుతుంది. ఒక్క గట్టి వానకు అది ఎర్రటి నీళ్లయి పోవడం కళ్లారా చూశాను. అందుకే వాలుకు అడ్డంగా గట్టు వేసి, గడ్డి పెంచాను.