పాత అంబాసిడర్‌కు అసలైన బాడీ సామాను సమకూర్చుకోవడం

విశాఖపట్నంలో పాత కారును పునరుద్ధరించే వారికి ఇంజను కంటే బాడీ సామానే ఎక్కువ శ్రమ పెడుతుంది. ఇంజను పని తెలిసిన మేస్త్రీ ఎక్కడో ఒకచోట దొరుకుతాడు, అరిగిన భాగాన్ని లేతు మీద చేయించుకోవచ్చు. కాని గ్రిల్లు, బంపర్లు, డోర్ హ్యాండిళ్ళు, మోనోగ్రాములు (కారు పేరు అక్షరాల బిళ్ళలు), బీడింగులు (బాడీ వెంట బిగించే మెరుపు పట్టీలు) సముద్రపు ఉప్పుగాలికి త్వరగా పాడవుతాయి, వాటి స్థానంలో ఏ కాలానివో తెలియని వస్తువులు వచ్చి చేరుతాయి. అంబాసిడర్ మార్క్ 2ను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఈ పద్ధతి ప్రీమియర్ పద్మినికైనా, స్టాండర్డ్ హెరాల్డ్‌కైనా పనికివస్తుంది.

బజారుకు వెళ్ళేముందు మీ కారు ఏ కాలానిదో నిర్ధారించుకోండి. ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 2014 దాకా తయారైన ఈ కారు ఆకారం పెద్దగా మారకపోవడం వల్ల సామానంతా ఒకటేనని చాలామంది పొరబడతారు. 1962లో మార్క్ 2 సన్నని గళ్ళ గ్రిల్లుతో వచ్చింది. 1975లో మార్క్ 3, 1979లో మార్క్ 4, 1990లో నోవా వచ్చాయి, ముందు భాగం ఆ క్రమంలో మారుతూ పోయింది. ఆర్‌సీలోని సంవత్సరాన్ని చాసిస్ ప్లేటుతో పోల్చుకున్న తరువాత, కంపెనీ విడిభాగాల పట్టిక పాత ప్రతి దొరికితే దానిలోని బొమ్మలు చూడండి. అది దొరకనప్పుడు నాకు ఎక్కువగా ఉపయోగపడినవి ఇళ్ళలోని పెళ్ళి ఫోటోలు. పూలదండలతో అలంకరించిన కారు ముందు పెళ్ళికొడుకు నిలబడిన ఫోటోలో గ్రిల్లు, బంపరు, వీల్ క్యాపు స్పష్టంగా కనిపిస్తాయి, ఆ పెళ్ళి ఏ సంవత్సరంలో జరిగిందో ఇంట్లో వారికి తప్పకుండా గుర్తుంటుంది.

ఆ తరువాత కారునే అడగాలి. బానెట్ ఎత్తి మోనోగ్రాము ఉన్న చోటుకు సరిగ్గా అడుగున టార్చి వేసి చూడండి, వేలితో తడమండి. అసలు మోనోగ్రామును బిగించిన పాత రంధ్రాన్ని పైన పుట్టీ, రంగు కప్పేసినా అది అడుగు వైపు నుంచి గుంటలాగానో, వెల్డింగ్ బొడిపెలాగానో తగులుతుంది. డోర్ ప్యాడ్ విప్పితే బీడింగు క్లిప్పుల రంధ్రాలు వరుసగా కనిపిస్తాయి. రంధ్రాల మధ్య దూరాన్ని కాగితం మీద అచ్చు తీసి దగ్గర పెట్టుకోండి. దుకాణంలో ఆ కాగితమే మీకు కొలబద్ద.

సామాను చేతికి వచ్చినప్పుడు ముందు వైపు మెరుపును చూసి నిర్ణయించకండి, తిప్పి వెనుక వైపు చూడండి. ఆ కాలపు మోనోగ్రాములు, హ్యాండిళ్ళు చాలావరకు జింకు మిశ్రమంతో పోతపోసినవి. వాటి వెనుక అచ్చు గుర్తులు, కొన్నిటి మీద భాగం సంఖ్య ఉంటాయి, చేతిలో బరువు తెలుస్తుంది. తేలికగా ఉండి, గోటితో కొడితే డొల్లగా మోగేది ప్లాస్టిక్ మీద పూత. అయస్కాంతం ఇనుప బంపరుకు అంటుకుంటుంది, జింకుకూ ఇత్తడికీ అంటుకోదు. లైటు అద్దాల మీద తయారీదారు పేరు అద్దంతో కలిసి పోత పడి ఉండాలి, అంటించినట్లుండకూడదు. మరలు కూడా సాక్ష్యం చెబుతాయి: ఈ కారు అంగుళం కొలతల కాలానిది, పావు అంగుళం అంటే 6.35 మి.మీ. కాబట్టి అక్కడ 6 మి.మీ. బోల్టు వదులుగా ఆడుతుంటే ఆ బోల్టైనా, దాన్ని పట్టే భాగమైనా తరువాత వచ్చి చేరినదే.

ఎక్కడ వెతకాలంటే, మొదట గాజువాక ఆటోనగర్‌లోను, కంచరపాలెం వైపు పాత షెడ్లలోను ముప్పై నలభై ఏళ్ళుగా టింకరింగ్ చేస్తున్న పెద్దవారిని కలవండి. వారి అటకల మీద అమ్మకానికి పెట్టని సామాను ఉంటుంది, ఒకరు లేదన్నా ఎవరి దగ్గర ఉందో చెబుతారు. మన ఊరు హౌరా–చెన్నై రైలు మార్గం మీద ఉండటం మరో సౌలభ్యం: కోల్‌కతాలోని మల్లిక్ బజారు, చెన్నైలోని పుదుపేట రెండూ పాత కార్ల సామానుకు పేరున్నవి. ఫోనులో బేరం చేస్తే వెనుక వైపు ఫోటో, స్కేలు పక్కన పెట్టి తీసిన ఫోటో తప్పనిసరిగా అడగండి, కుడి ఎడమలు స్పష్టంగా చెప్పండి.

నా అభిప్రాయంలో గుంటలు పడిన అసలు భాగం కొత్త నకలు కంటే విలువైనది. స్టీలు బీడింగు సొట్టలను వెనుక నుంచి చెక్క ముక్కతో మెల్లగా తట్టి పాలిష్ చేయిస్తే చాలు, పూత అవసరం లేదు. జింకు భాగాలతో మాత్రం చాలా జాగ్రత్త వహించాలి, ఎందుకంటే పాత పూత తీయడానికి వాడే యాసిడ్ జింకునే తినేస్తుంది. నేను ఒకసారి బానెట్ మోనోగ్రామును ఏమీ చెప్పకుండా పూత వేసే షాపులో ఇచ్చి వచ్చాను; తిరిగి వచ్చేసరికి అది అద్దంలా మెరుస్తోంది, కాని బఫింగులో, అంటే చక్రం మీద రుద్ది మెరుగు పెట్టడంలో, అక్షరాల అంచులు కరిగిపోయాయి. దాన్ని మళ్ళీ బాగు చేయడం కుదరలేదు. లోహం ఏదో ముందే చెప్పి, అక్షరాల మీద బఫింగు వద్దని, రాగి, నికెల్, క్రోమియం మూడు పొరలూ వేయాలని కాగితం మీద రాసి ఇవ్వండి.

యాభై ఏళ్ళు నిండిన కారును 2021 నాటి కేంద్ర నిబంధనల కింద వింటేజ్ వాహనంగా నమోదు చేయించదలిస్తే చాసిస్, బాడీ షెల్, ఇంజను చెప్పుకోదగ్గ మార్పు లేకుండా అసలు రూపంలో ఉండాలి. అందువల్ల దొరికిన హ్యాండిల్ పట్టలేదని డోరు రేకును కోయనివ్వకండి.

సామానంతా చేరాక రంగు వేయకముందే ఒకసారి బిగించి చూసుకుని, పట్టని చోట అప్పుడే సరిచేయించండి. రంగు ఆరిన తరువాత ప్రతి భాగం కింద రబ్బరు ప్యాడ్ వేసి, రంధ్రం అంచుకు మైనం రాసి బిగిస్తే ఉప్పుతేమ అక్కడ నిలవదు.