మారిన లేబర్ చట్టాల ప్రకారం చిన్న పరిశ్రమను నడపడం ఎలా?

2025 నవంబరు 21 నుంచి దేశంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వేతనాల కోడ్ 2019లో చేసింది. పారిశ్రామిక సంబంధాలు, సామాజిక భద్రత, వృత్తి భద్రత కోడ్‌లు 2020లో చేసినవి. ఫ్యాక్టరీల చట్టం, కనీస వేతనాల చట్టం, గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే మొత్తం) చట్టం సహా 29 పాత చట్టాలు వీటిలో కలిసిపోయాయి. చిన్న యూనిట్లకు లేబర్ రికార్డులు చూసిపెట్టే పని నాది. ఆ రోజు నుంచి ఫోన్ చేస్తున్న యజమానుల్లో చాలామంది "కొత్తగా ఏ ఫారం నింపాలండీ?" అని అడుగుతున్నారు. ఫారం సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ షెడ్డులో ఎంతమంది పనిచేస్తున్నారో చెప్పమంటాను. దానికి వెంటనే సరైన జవాబు చెప్పగలిగినవాళ్లు తక్కువ.

1. మనుషుల్ని లెక్కపెట్టండి

ఒక కాగితం తీసుకుని మీ ఆవరణలో పనిచేసే ప్రతి మనిషి పేరూ రాయండి. జీతాల షీటులో ఉన్నవాళ్లతో ఆగకండి. కాంట్రాక్టర్ పంపిన హెల్పర్లు, లోడింగ్ కూలీలు, సెక్యూరిటీ గార్డు, ఊడ్చే ఆమె, ఆర్డర్లు ఎక్కువైనప్పుడు వచ్చేవాళ్లు, అందరినీ రాయండి. పేరు, ఊరు, వయసు, చేరిన తేదీ, ఎవరి ద్వారా వచ్చారు, ఏ మెషీన్ మీద ఉన్నారు, ఎంత ఇస్తున్నారు. ఇంతే.

ఏ నిబంధన మీకు వర్తిస్తుందో ఈ లెక్కే చెబుతుంది. 10 మంది ఉంటే ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) వర్తిస్తుంది, వృత్తి భద్రత కోడ్ కింద రిజిస్ట్రేషన్ కూడా కావాలి. 20 మంది ఉంటే పీఎఫ్ (భవిష్య నిధి). కరెంటుతో నడిచే ఉత్పత్తి యూనిట్‌లో 20 మంది, కరెంటు లేకుండా అయితే 40 మంది ఉంటే అది ఫ్యాక్టరీ. 50 మంది కాంట్రాక్టు కార్మికులుంటే కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు, 50 మంది ఉద్యోగులుంటే పిల్లల కోసం క్రెష్. 300 మంది కార్మికులుంటే స్టాండింగ్ ఆర్డర్లు (పని షరతులు, క్రమశిక్షణ గురించి యూనిట్ రాసిపెట్టుకునే నియమాలు).

"మా దగ్గర పద్దెనిమిది మందేనండీ" అన్న ఒక యజమాని యూనిట్‌కు వెళ్లి లెక్కపెడితే ఇరవై ఆరు మంది తేలారు. మిగిలిన ఎనిమిది మంది పేర్లు కాంట్రాక్టర్ జేబులో ఉండే నోట్‌బుక్‌లో మాత్రమే ఉన్నాయి. వాళ్లలో ఒక కుర్రాడికి అప్పటికే పవర్ ప్రెస్ కింద రెండు వేళ్లు పోయాయి. ఈఎస్ఐలో పేరు ఉండుంటే వైద్యం, పని చేయలేని రోజులకు డబ్బు, శాశ్వత వైకల్యానికి జీవితాంతం నెలనెలా పరిహారం వచ్చేవి. యజమాని ఆస్పత్రి బిల్లు కట్టాడు, ఆయన చెడ్డవాడేమీ కాదు. కానీ ఆ బిల్లుతో ఆ కుర్రాడి మిగతా బతుకు గడవదు కదా. పని మీద గాయమైతే ఈఎస్ఐ రక్షణ చేరిన రోజు నుంచే ఉంటుంది. అందుకే మనిషి చేరిన రోజే పేరు ఎక్కించండి, "నెల చూసి చేద్దాం" అనుకోవద్దు.

2. ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వండి

ఇప్పుడిది తప్పనిసరి. హోదా, జీతం, పని గంటలు, సెలవు, పీఎఫ్, ఈఎస్ఐ వివరాలు అందులో ఉండాలి. మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వండి. ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్ల చేతికి ఇంగ్లిష్ కాగితం ఇచ్చి సంతకం పెట్టించుకుంటే ఏం ప్రయోజనం? ఇన్ని నెలలకని ఒప్పందం మీద తీసుకున్నవాళ్లకు (ఫిక్స్‌డ్ టర్మ్) ఏడాది నిండితే గ్రాట్యుటీ వస్తుంది, అయిదేళ్ల షరతు వాళ్లకు లేదు. ఆ మాట కూడా పత్రంలోనే రాసేయండి.

3. జీతం లెక్క మళ్లీ వేయండి

యజమానులకు ఎక్కువ టెన్షన్ పెడుతున్నది ఇదే. మునుపు చాలా చోట్ల బేసిక్ (మూల వేతనం) తక్కువ చూపించి మిగతాదంతా రకరకాల అలవెన్సుల కింద వేసేవారు. కొత్త నిర్వచనం ప్రకారం, వేతనం లెక్కలోంచి మినహాయింపు ఉన్న అలవెన్సులు నెలకు ఇచ్చే మొత్తంలో సగం దాటితే, దాటిన భాగం వేతనంలో కలుస్తుంది.

ఒక ఉదాహరణ. నెలకు మొత్తం 20,000 రూపాయలు, అందులో బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 7,000, అలవెన్సులు 13,000 అనుకుందాం. సగం అంటే 10,000. అలవెన్సులు దానికంటే 3,000 ఎక్కువ ఉన్నాయి. ఆ 3,000 బేసిక్‌తో కలిసి వేతనం 10,000 అవుతుంది. ఇంతవరకు 7,000 మీద 12 శాతం చొప్పున 840 కడుతున్న పీఎఫ్ ఇప్పుడు 1,200 అవుతుంది. గ్రాట్యుటీ కూడా అలాగే పెరుగుతుంది. ఒక్కొక్కరికీ ఇలా లెక్క కట్టి, మనిషిని కూర్చోబెట్టి చూపించండి. చేతికొచ్చే డబ్బు కాస్త తగ్గితే "నా జీతం కోశారు" అనుకుంటారు. దాచుకునేది పెరిగిందని ముందే చెబితే ఆ గొడవ ఉండదు.

తేదీలు కూడా గోడ మీద రాసి పెట్టండి. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు. పీఎఫ్, ఈఎస్ఐ చలాన్లు 15లోపు. ఉద్యోగం మానేసినా, తీసేసినా రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ కోసం మనిషిని రెండు నెలలు తిప్పించుకునే అలవాటును చట్టం ఇక ఒప్పుకోదు. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు రేటు, దానికి కార్మికుడి సమ్మతి కూడా కావాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ కనీస వేతనంలోని డీఏ ఏప్రిల్ 1న, అక్టోబరు 1న మారుతుంది కాబట్టి ఆ రెండు నెలల జీతాలు పాత షీటు కాపీ చేసి వేయకండి.

4. షెడ్డులో నడవండి, చేతిలో పెన్ను ఉండాలి

నెలకోసారి, పని నడుస్తున్నప్పుడే వెళ్లండి. ఇన్‌స్పెక్షన్ ఉందని తుడిచి పెట్టిన రోజు వెళ్తే ఏమీ కనిపించదు. వీలైతే నైట్ షిఫ్ట్‌లో వెళ్లండి.

ముందు మెషీన్ గార్డులు చూడండి. నేను చూసిన చేతి గాయాల్లో ఎక్కువ భాగం గార్డు లేని చోట కాదు, ఉన్న గార్డును తీసి పక్కన పెట్టిన చోటే జరిగాయి. ఎందుకు తీశారని అడిగితే, గార్డుతో గంటకు తక్కువ పీసులు వస్తాయని చెబుతారు. అంటే మీరు పెట్టిన టార్గెట్టే గార్డును తీయించింది. తప్పు ఆపరేటర్ మీద వేయకుండా టార్గెట్ మార్చండి.

తర్వాత తలుపులు. అత్యవసర ద్వారానికి దొంగల భయంతో తాళం వేసి ఉంటుంది, లేదా అడ్డంగా డబ్బాలు పేర్చి ఉంటాయి. రెండూ చూశాను. ఆ తాళం ఆ రోజే తీయించండి. రసాయనాల డ్రమ్ముల మీద లేబుల్ ఉందా? పక్కపక్కన పెట్టకూడనివి పక్కపక్కనే ఉన్నాయా? సంపు, ట్యాంకు శుభ్రం చేయడానికి మనిషి దిగేముందు లోపల గాలి పరీక్షిస్తున్నారా, పైన ఇంకొకరు కాపలా ఉంటున్నారా? లోపల పడిపోయినవాణ్ని కాపాడదామని దిగి రెండో మనిషి, మూడో మనిషి ప్రాణాలు పోగొట్టుకోవడం ఇలాంటి చోటే జరుగుతుంది. మెషీన్ రిపేరు చేసేటప్పుడు మెయిన్ ఆపి తాళం వేసి, ఆ తాళంచెవి రిపేరు చేసేవాడి జేబులోనే ఉంచాలి.

అలారం ఉంటే సరిపోదు, దాన్ని మోగించే అలవాటు కూడా ఉండాలి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఊళ్లోకి వచ్చి 12 మంది చనిపోయారు. ఫ్యాక్టరీలో సైరన్ వ్యవస్థ ఉన్నా మోగించలేదని ప్రభుత్వం వేసిన హై పవర్ కమిటీ తేల్చింది. మూడు నెలలకోసారి మాక్ డ్రిల్ పెట్టండి. కూడాల్సిన చోటికి అందరూ ఎన్ని నిమిషాల్లో చేరారో రాసుకోండి. సూచనలు హిందీలో, ఒడియాలో, బొమ్మలతో కూడా పెట్టండి.

5. మిగతా బాధ్యతలు

40 ఏళ్లు దాటిన కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్ష చేయించాలి. ఏడాదిలో 180 రోజులు పనిచేసినవారికి జీతంతో కూడిన సెలవు వస్తుంది, ప్రతి 20 రోజులకు ఒకటి. స్త్రీలు సాయంత్రం 7 తర్వాత, ఉదయం 6కు ముందు పనిచేయాలంటే వాళ్ల సమ్మతి తీసుకోవాలి, భద్రత మీరే చూడాలి. ఇంటిదాకా దింపే బండి లేకుండా సమ్మతి పత్రం మాత్రమే తీసుకోవడం నాకు న్యాయంగా అనిపించదు.

2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఈ కోడ్‌లలో కలవలేదు, విడిగానే ఉంది. 10 మంది ఉన్న ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలిగా ఒక సీనియర్ మహిళ, బయటినుంచి ఒక సభ్యులు, మొత్తం మీద కనీసం సగం మంది స్త్రీలు ఉండాలి. చాలా యూనిట్లు మర్చిపోయేది ఇదే.

6. మార్పులు కనిపెట్టే పని ఒకరికి అప్పగించండి

"అకౌంటెంట్ చూసుకుంటాడులే" అంటే ఎవరూ చూడనట్టే. ఒక మనిషి పేరు చెప్పండి, నెలకు ఒక రోజు ఇవ్వండి. ఆ రోజు కేంద్ర కార్మిక శాఖ, రాష్ట్ర కార్మిక శాఖ, ఫ్యాక్టరీల శాఖ, పీఎఫ్, ఈఎస్ఐ వెబ్‌సైట్లలో కొత్త నోటిఫికేషన్లు చూసి, ఏం మారింది, మనకు వర్తిస్తుందా, ఎప్పటిలోపు చేయాలి అని మూడు గళ్లలో రాయాలి. కోడ్ కేంద్రానిదైనా, చాలా విషయాల్లో నియమాలు రాష్ట్రానివి. 2025 జులైలో తెలంగాణ వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనికి అనుమతిస్తూ వారానికి 48 గంటల పరిమితిని అలాగే ఉంచింది. ఇది ఒక జీవో (ప్రభుత్వ ఉత్తర్వు)తో వచ్చిన మార్పు. ఆ జీవోలో 10 గంటలన్న ముక్క చదివి 48 అన్న ముక్క వదిలేసినవాళ్లు ఉన్నారు. వాట్సాప్‌లో వచ్చిన సారాంశం నమ్మి షిఫ్టులు మార్చకండి, అసలు జీవో చదవండి.

7. తప్పు బయటపడితే సరిదిద్దండి, దాచకండి

ఇప్పుడు వచ్చే అధికారి ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్, అంటే తనిఖీతో పాటు సలహా కూడా ఇచ్చేవాడు. వేతనాల కోడ్ కింద ప్రాసిక్యూషన్‌కు (కోర్టు కేసుకు) ముందు సరిదిద్దుకోవడానికి గడువు ఇవ్వాలి. అయిదేళ్లలో అదే తప్పు మళ్లీ చేస్తే ఆ అవకాశం ఉండదు. రావాల్సినదానికంటే తక్కువ వేతనం ఇస్తే 50,000 రూపాయల వరకు జరిమానా. భద్రత విధులు పాటించక ఒకరి ప్రాణం పోతే రెండేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానాలో కనీసం సగం కుటుంబానికి ఇవ్వమని కోర్టు చెప్పవచ్చు. కాబట్టి లెక్కలో పాత బకాయి కనబడితే అధికారి వచ్చేదాకా ఆగకుండా కట్టి, రశీదు పెట్టుకోండి.

చివరగా హాజరు పుస్తకం విషయం. 2025 జూన్ 30న పాశమైలారంలో ఫ్యాక్టరీ పేలి 50 మందికి పైగా చనిపోయినప్పుడు, మృతుల్లో చాలామందిని డీఎన్ఏ పరీక్షతో గుర్తించాల్సి వచ్చింది. కొందరి ఆనవాళ్లే దొరకలేదు. ఒడిశా, బిహార్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చిన కుటుంబాలు తమవాళ్ల కబురు కోసం రోజుల తరబడి ఎదురుచూశాయి. మీరు మొదటి అడుగులో రాసిన పేర్ల జాబితాను, రోజువారీ హాజరును షెడ్డు లోపలి ఆఫీసులో మాత్రమే ఉంచకండి. ఒక కాపీ గేటు దగ్గర, మంట అంటని దూరంలో ఉంచండి. పేరు పక్కన ఇంటివాళ్ల ఫోన్ నంబరు రాయండి, షిఫ్ట్ మారిన ప్రతిసారీ లోపల ఉన్నవాళ్ల సంఖ్యను గేటు బోర్డు మీద మార్చి రాయమని సెక్యూరిటీకి చెప్పండి.